కంప్యూటర్ మొరాయిస్తే: గోడ ప్లగ్గు నుంచి వెబ్ పేజీ దాకా వరుసగా వెతికే పద్ధతి

నల్లగొండలో మే నెల వచ్చిందంటే నా రిపేరు బల్ల మీద చోటు మిగలదు. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని ఊరి మీదకు వదులుతాయి. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. కంప్యూటర్లు ఒకటొకటిగా చేరతాయి. తెచ్చినవాళ్లు చాలాసార్లు రోగం పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. "అన్నా, మదర్‌బోర్డు పోయింది" అని ఒకరు, "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టేయండి" అని ఇంకొకరు. విప్పి చూస్తే ఒకదానిలో ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు సమాచారం పెట్టుకునే పట్టీ) కదిలి ఉంటుంది, ఇంకోదానిలో రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

ఫార్మాట్ అనే మాట మీద, అంటే డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేయడం మీద, నాకు పాత కోపం ఉంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, చిన్న తప్పు దొరకక ఫొటోలూ లెక్కలూ అన్నీ తుడిచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇక్కడ రాస్తున్న వరుసలో ఫార్మాట్ బాగా చివరన వస్తుంది. వెతుకులాట బయటి నుంచి లోపలికి సాగాలి: ముందు కరెంటు, తర్వాత కేబినెట్ డబ్బా, ఆ తర్వాత డిస్కు, విండోస్, ఆఖరున తెర మీది అక్షరాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకోండి. తెర మీద వచ్చిన సందేశాన్ని ఫోనుతో ఫొటో తీయండి. ఇబ్బంది ఏ రోజు మొదలైందో, ఆ ముందు రోజు కొత్తగా ఏం చేశారో రాయండి. తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్, కేబులు, డ్రైవరు (ఒక్కో భాగాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేరు) మూడూ ఒకేసారి మారిస్తే కంప్యూటర్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ మొదటికే వస్తారు.

1. గోడ దగ్గర మొదలుపెట్టండి

ప్లగ్గు పెట్టే సాకెట్‌లో ఫోను చార్జరు పెట్టి చూడండి. కేబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బాకు, చిన్న స్విచ్చు ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు అది ఆఫ్ అయిపోవడం నేను చూసిన ‘పెద్ద రిపేర్ల’లో ఒకటి. తర్వాత యూపీఎస్‌ను పక్కకు తప్పించి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలపండి. అప్పుడు పనిచేస్తే తప్పు యూపీఎస్‌ది. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది. మన ఎండలకు అది రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించినా నమ్మకండి. లోడు పడగానే 10కి జారిపోయే బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుంది. లేజర్ ప్రింటరును మాత్రం యూపీఎస్ బ్యాటరీ వైపు సాకెట్‌కు ఎప్పుడూ కలపకండి. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోదు.

ఇక ఎర్తింగ్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఎవరూ పట్టించుకోరు. కేబినెట్ అంచు తాకితే చీమ కుట్టినట్టు చుర్రుమంటుందా? చాలామంది దీన్ని ‘మామూలే’ అంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి కేబినెట్ రేకుకు కలిపిన చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద ఇంటి వోల్టేజిలో దాదాపు సగం నిలబడి ఉంటుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది. ఆ స్థితిలో పెన్‌డ్రైవ్, ప్రింటరు కేబులు తగిలిస్తుంటే యూఎస్‌బీ పోర్టులు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పరీక్ష తేలిక. మల్టీమీటరును ఏసీ వోల్టేజిలో పెట్టి, సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2, 3 వోల్టులు దాటకూడదు. చేయి అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి, ఇది సాహసాలు చేసే చోటు కాదు. ఎర్త్ గుంత ఉండి కూడా వేసవిలో పనిచేయడం లేదంటే అందులో తేమ పోయి ఉంటుంది. మనది రాతి నేల, ఏప్రిల్ వచ్చేసరికి గుంతలోని ఉప్పు, బొగ్గు పొడిబారిపోతాయి. వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలాసార్లు చుర్రు తగ్గిపోతుంది. కంప్యూటర్ రిపేరుకు బకెట్ అడిగితే జనం నన్ను వింతగా చూస్తారు, అది వేరే సంగతి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లు చార్జి పట్టి ఉంచుతాయి. అనుమానం ఉంటే పనిచేస్తున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటమే మంచి పరీక్ష.

2. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు

ముందు మానిటరు సంగతి తేల్చండి: దాని కేబులు, దాని పవరు, సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారా అన్నది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబులును పొరపాటున మదర్‌బోర్డు సాకెట్‌కు పెట్టడం కూడా మామూలే. అవన్నీ సరిగ్గా ఉంటే చేయి ర్యామ్ మీదకు పోవాలి.

ప్లగ్గు పీకేయండి. పవరు బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జి పోతుంది. రంగు వేయని కేబినెట్ రేకును ఒకసారి తాకండి, మీ ఒంటి మీది స్థిర విద్యుత్తు దిగిపోతుంది. ర్యామ్ చివరల్లోని క్లిప్పులు కిందికి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. అంచులు మాత్రమే పట్టుకుని తీయండి. కింద బంగారు రంగులో వరుసగా ఉన్న పళ్ల మీద నల్లటి పొర కనిపిస్తే, బడి పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే మెత్తటి రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్దండి. సగం ఎరుపు, సగం నీలం ఉండే రబ్బరులో నీలం వైపు వాడకండి. అది సిరా చెరిపే గరుకు రబ్బరు, బంగారు పూతను గీకేస్తుంది. రబ్బరు పొడిని మెత్తటి బ్రష్‌తో దులపండి, నోటితో ఊదితే తేమ పడుతుంది. పెట్టేటప్పుడు ర్యామ్‌లోని గాడి, స్లాటులోని గట్టు కలిశాయో లేదో చూసి, రెండు చివరలా టిక్కుమనేదాకా నొక్కండి.

రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఒక ర్యామ్‌ను రెండు స్లాట్లలోనూ పెట్టి చూడండి. ఏ ర్యామ్, ఏ స్లాటు, ఏం జరిగింది అన్నది నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి నింపితే తప్పు ర్యామ్‌దా, స్లాటుదా అన్నది దానంతట అదే తేలిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా తెర నల్లగానే ఉంటే, అప్పుడు మదర్‌బోర్డు పేరెత్తండి.

3. పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోతుంటే

ఇది వేడి లక్షణం. మిర్యాలగూడ నుంచి ఒక బియ్యం మిల్లు గుమాస్తా ఏడాదికి రెండుసార్లు కంప్యూటర్ తెస్తారు, మధ్యాహ్నం రెండు దాటితే దానంతట అదే ఆఫ్ అయిపోతుందని. మొదటిసారి బ్లోయరుతో ఊది పంపించాను, పది రోజుల్లో తిరిగొచ్చింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. మిల్లులో గాలిలో తేలేది వట్టి దుమ్ము కాదు, తవుడు. తవుడులో నూనె ఉంటుంది. అది హీట్‌సింక్ (ప్రాసెసరు వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య పేరుకుని పాత గొంగడి ముక్కలా తయారైంది, బ్లోయరు గాలికి అంగుళం కూడా కదల్లేదు. హీట్‌సింక్ విప్పి, రంగులు వేసే బ్రష్‌తో గీరి తీయాల్సి వచ్చింది.

మామూలు ఇళ్లకు, దుకాణాలకు బ్లోయరు సరిపోతుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి పిచ్చిగా తిరిగితే దాని బేరింగు అరుగుతుంది. ప్రాసెసరు మీద, వేడిని హీట్‌సింక్‌కు దాటించే పాత పేస్టు ఎండి పెంకు కట్టి ఉంటే తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. వెన్న పూసినట్టు పూస్తే ఫలితం తగ్గుతుందే గానీ పెరగదు. తర్వాత ఏదైనా ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గమనించండి. బరువైన పని చేయిస్తుంటే 80 డిగ్రీల దాకా పోవచ్చు, 90 దాటి నిలబడితే గాలి ఇంకా సరిగ్గా ఆడటం లేదని అర్థం. కేబినెట్‌ను గోడకు ఆనించి పెట్టారేమో చూడండి.

4. గడియారం తప్పితే ఇంటర్నెట్ కూడా తప్పుతుంది

"నెట్ వస్తోంది, యూట్యూబ్ మాత్రం రావడం లేదు. ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోంది" అన్న ఫిర్యాదు వింటే నేను ముందు తెర మూలన తేదీ చూస్తాను. చాలాసార్లు అది ఎన్నో ఏళ్ల వెనక ఉంటుంది. సురక్షిత సైట్లకు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. కంప్యూటర్ తాను పాత సంవత్సరంలో ఉన్నాననుకుంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని తలుపు మూసేస్తుంది.

మదర్‌బోర్డు మీద గుండ్రంగా మెరిసే 3 వోల్టుల బిళ్ల ఉంటుంది, దాని పేరు సీఆర్ 2032. గడియారాల దుకాణంలోనూ దొరుకుతుంది. క్లిప్పు నొక్కితే ఎగిరి బయటకు వస్తుంది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తర్వాత తేదీ, సమయం సరిచేయండి. నెట్ కేబులు ముట్టుకోకుండానే ‘ఇంటర్నెట్ రిపేరు’ అయిపోతుంది.

5. నెమ్మదిగా ఉంటే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ పేజీలో ‘అప్ టైమ్’ అని ఉంటుంది. "రోజూ ఆఫ్ చేస్తాను" అన్నవారి కంప్యూటర్ కూడా అక్కడ 19 రోజులు చూపిస్తుంది. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ గుండెకాయ పూర్తిగా ఆగదు, నిద్రపోయి లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అది కొత్తగా మొదలవుతుంది. సగం మొండి జబ్బులు రీస్టార్ట్‌తో పోవడానికి కారణం ఇదే.

రీస్టార్ట్ తర్వాత కూడా డిస్క్ దగ్గర 100 శాతం నిలబడి ఉంటే, హార్డ్ డిస్కును అనుమానించండి. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. అందులో పసుపు రంగు హెచ్చరిక వస్తే ఇక ఏ రిపేరూ మొదలుపెట్టకండి, ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేయండి. పాడవుతున్న డిస్కు మీద చెక్ డిస్క్ (డిస్కులో తప్పులు వెతికే విండోస్ సాఫ్ట్‌వేరు) నడిపితే అది డిస్కును గంటల తరబడి తిప్పి, ఉన్న కాస్త ప్రాణం కూడా తీసేయగలదు. లోపల టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి.

డిస్కు ఆరోగ్యంగానే ఉండి కంప్యూటర్ పాతదైతే, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పులతో పనిచేసే డిస్కు) వేయండి. పాత కంప్యూటర్‌కు ఇంతకు మించిన మందు నాకు తెలియదు. కొత్త ప్రాసెసరు కొనమని చెప్పే దుకాణదారుడికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

6. విండోస్ లోపల తప్పు ఉంటే

ఈ మధ్య పెట్టిన సాఫ్ట్‌వేరును, డ్రైవరును ముందు తీసేయండి. విండోస్ లోపలికి పోలేకపోతే, లాగిన్ తెర మీదే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే సేఫ్ మోడ్‌కు (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరిచే పద్ధతికి) దారి వస్తుంది. అందులో బాగా పనిచేస్తే తప్పు డ్రైవరుదో, స్టార్టప్‌లో లేచే సాఫ్ట్‌వేరుదో. సిస్టం ఫైళ్లు చెడ్డాయని అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్‌ఎఫ్‌సీ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి స్కాన్‌నౌ అని టైపు చేయండి. అది తన ఫైళ్లను తానే సరిచూసుకుని చెడినవాటిని మారుస్తుంది. ఇది కూడా పనిచేయకపోతే, ఫైళ్లు కాపీ చేసుకున్న తర్వాత ఫార్మాట్ చేయండి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ అయితే ఈ సంగతి గుర్తుంచుకోండి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. కొన్ని కంప్యూటర్లలో అది ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందే మొదలయ్యే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది, లేదనుకునే ముందు అక్కడ చూడండి.

ప్రింటరు వరుసలో ఒక పని ఇరుక్కుని ఏదీ బయటకు రాకపోతే, సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ సిస్టమ్ 32 లోని స్పూల్ ఫోల్డరులో ప్రింటర్స్ అనే ఫోల్డరును ఖాళీ చేసి, మళ్లీ స్పూలర్‌ను మొదలుపెట్టండి. కొత్త ప్రింటరు కొనాల్సిన పని లేదు.

7. తెలుగు అక్షరాలు చెడిపోతే

పెళ్లి పత్రికల పని చేసే డీటీపీ ఆపరేటర్ల నుంచి, సొంత వెబ్‌సైటు పెట్టుకున్న చీరల దుకాణాల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అక్షరాలు ఏ విధంగా చెడ్డాయో చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది. నాలుగు రకాలు ఉన్నాయి.

తెలుగు స్థానంలో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తే అది పాత ఫాంటుతో టైపు చేసిన మేటరు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని చోట ముసుగు తొలగిపోయి కింది ఇంగ్లీషు బయటపడుతుంది. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి, అంటే ప్రతి భాషలోని అక్షరానికి సొంత సంఖ్య ఇచ్చే పద్ధతిలోకి, మార్చాల్సిందే. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి చదివి సరిచూసుకోండి, కన్వర్టర్లు అక్కడే తప్పుతాయి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి, వాటికి ఫాంటు లేదు, అంతే. ఏదైనా యూనికోడ్ తెలుగు ఫాంటు వేయండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన పాలమూరు గడ్డ మీద పుట్టి గోల్కొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతోనూ అక్కడ ఒక ఫాంటు ఉంది. నేను శీర్షికలకు దాన్నే వాడతాను.

మూడో రకం చూడగానే గుర్తుపట్టవచ్చు. నెత్తిన వాలు గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్నా గానీ ప్లస్ మైనస్ గుర్తు గానీ, ఇదే జత వరుసగా పదే పదే వస్తుంది. యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. ఆ మూడింటినీ బ్రౌజరు మూడు వేరువేరు అక్షరాలుగా చదివితే ఇలా అవుతుంది. పేజీ హెడ్ భాగంలో మొదటనే మెటా ట్యాగులో చార్‌సెట్‌ను యూటీఎఫ్ 8 అని రాయండి, ఫైలును కూడా అదే పద్ధతిలో సేవ్ చేయండి.

నాలుగోది ప్రశ్నార్థకాలు. వరుసగా ప్రశ్న గుర్తులే ఉంటే విషయం చేజారినట్టే. ఫైలును తెలుగుకు చోటు లేని ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేసినప్పుడో, డేటాబేస్‌కు తెలుగు తెలియనప్పుడో అసలు అక్షరాలు పోయి, వాటి స్థానంలో నిజంగానే ప్రశ్న గుర్తులు నిల్వ అవుతాయి. తిరిగి రావు. డేటాబేస్‌ను యూటీఎఫ్ 8 ఎంబీ 4కు మార్చి, మేటరు మళ్లీ ఎక్కించాలి.

8. వెబ్ పేజీ ఇంట్లో బాగుంది, బయట చెడింది

గద్వాల చీరలు అమ్మే ఒక దుకాణం వారి సైటులో ఇంట్లో కంప్యూటర్ మీద అన్ని ఫొటోలూ కనిపించేవి, సర్వరుకు ఎక్కించాక సగం మాయమయ్యేవి. బ్రౌజరులో ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ భాగం తెరిచి పేజీని మళ్లీ లోడు చేస్తే ఎరుపు రంగులో 404 (ఫైలు దొరకలేదు) వరుసలు కనిపించాయి. ఫొటో పేరు చివర పెద్ద అక్షరాల్లో జేపీజీ అని ఉంది, పేజీలో చిన్న అక్షరాల్లో రాశారు. విండోస్‌కు ఆ తేడా పట్టదు. చాలా సర్వర్లు నడిచేది లైనక్స్ మీద, దానికి అవి రెండు వేరువేరు ఫైళ్లు. అప్పటి నుంచి ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టమని చెప్తున్నాను.

అదే సైటు ఫోనులో తెరవడానికి చాలాసేపు పట్టేది. ఫోనుతో తీసిన ఫొటోలను ఒక్కొక్కటి 5 మెగాబైట్ల లెక్కన ఉన్నవి ఉన్నట్టే ఎక్కించారు. వెడల్పును 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో పద్ధతిలోకి మారిస్తే ఒక్కోటి 200 కిలోబైట్ల లోపుకు వచ్చింది. అంచు జరీ గీతలు అప్పుడు కూడా స్పష్టంగానే కనిపించాయి.

తెలుగు పేజీకి ఇంకో రెండు జాగ్రత్తలు. ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్లలో వరుసల మధ్య ఎడం తక్కువ ఉంటుంది, మన ‘స్త్రీ’, ‘కృష్ణా’ లాంటి మాటల కింది వత్తులు తెగిపోతాయి లేదా కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. లైన్ హైట్ 1.6 నుంచి 1.8 మధ్య పెట్టండి. లెటర్ స్పేసింగ్‌ను మాత్రం తెలుగు మీద వాడకండి, అక్షరానికీ దాని గుర్తులకూ మధ్య సందు పడి చదవడానికి పళ్లు ఊడిన నోరులా ఉంటుంది.

అన్నీ సరిచేశాక దుకాణం యజమాని ఫోను చేసి, "మా దగ్గర ఇంకా పాత ధరే కనిపిస్తోంది" అంటారు. కంప్యూటర్‌లో కంట్రోల్‌తో ఎఫ్ 5 నొక్కమనండి, ఫోనులో అయితే ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవమనండి. అక్కడ కొత్త ధర కనిపిస్తే సైటు బాగానే ఉంది, ఆ బ్రౌజరు దాచుకున్న పాత కాపీ తుడిస్తే సరిపోతుంది. అక్కడ కూడా పాతదే ఉంటే మీరు ఎక్కించిన ఫైలు సర్వరులో వేరే ఫోల్డరులోకి పోయి ఉండవచ్చు, వెళ్లి వెతకండి.